పద్యంలో పట్టని రాణి

అనగా అనగా ఒక రాజకుమారుడు. ఇల్లు వదిలి బయల్దేరేనాటికి అతని దగ్గరున్న మొత్తం ఆస్తి నూటపదహారు పద్యాలు. అంతే పిల్లలూ! కత్తి లేదు, గుర్రం లేదు, మెడలో గొలుసు కూడా లేదు. నూటపదహారు పద్యాలు నోటికి వచ్చు. వాటిని దాటి ఒక్క వాక్యం కూడా రాదు.

అదేమిటి, మాటలు రాని రాజకుమారుడు ఉంటాడా అంటారేమో. ఉన్నాడు. అతని పేరు గుణకేతుడు. అతని తండ్రి ఛత్రకేతు మహారాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతుడు, రెండోవాడు రత్నకేతుడు, మూడోవాడు మన గుణకేతుడు. వాళ్ళ అమ్మ పేరు హేలావతి.

మూడోవాడు ఇంకా ఉయ్యాలలో ఉండగా ఆ సభకు యతిభైరవుడనే మాంత్రికుడు వచ్చాడు. పొడుగాటి గడ్డం, చేతిలో బెత్తం, భుజం మీద పచ్చని చిలక. ఆ రాజ్యంలో పద్యమంటే పడి చచ్చేవాళ్ళు. పద్యం చెప్పినవాడికి పీట, మామూలుగా మాట్లాడినవాడికి గుమ్మం. మాంత్రికుడికి ఆ సంగతి తెలుసు.

"మహారాజా, రాణిగారి మీద ఒక పద్యం చెప్పనా?" అన్నాడు.

"చెప్పు, చెప్పు!" అన్నాడు రాజు.

మాంత్రికుడు గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

కలువలఁ బోలెడి కన్నులు
చిలుకల పల్కులు మఱియును చెలువపు మోమున్
అలసపు నడకల హంసయు
తలిరుల చేతుల వెలసెడి తరుణీమణియే

సభంతా ఆహా అంది, ఓహో అంది. "ఏం కావాలో కోరుకో!" అన్నాడు రాజు.

మాంత్రికుడు గడ్డం దువ్వుకున్నాడు. "పెద్దవేమీ వద్దు మహారాజా. పద్యంలో ఇమడని మాటలు కొన్ని ఉంటాయి చూడండి. ఇంతకీ అంటారు, అయితే అంటారు, ఎందుకంటే అంటారు. ఊరికే పారేసుకునే మాటలు. అవి ఇప్పించండి, చాలు."

రాజు పకపకా నవ్వాడు. "ఊక అడుగుతున్నావేమయ్యా, బియ్యం వదిలేసి! తీసుకుపో."

ఆ రాజ్యం వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. ఊక అనుకున్నారు, అది దారం. పూలన్నీ అక్కడే ఉన్నాయి, కలిపి ఉంచే దారం పోయింది. 'నీళ్ళు' అనే మాట ఉంది, 'ఇల్లు' అనే మాట ఉంది. ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టబోతే జారిపోతున్నాయి. ఇక మాటలను కట్టి ఉంచగలిగేది ఛందస్సు ఒక్కటే. కాబట్టి ఎవరేం చెప్పాలన్నా పద్యంలోనే చెప్పాలి.

రాణికి ఇంకా ఘోరం జరిగింది. హేలావతి ఎలాంటి మనిషో చెప్పుకునే మాటలన్నీ పోయేసరికి ఆమెకు మిగిలింది ఆ పద్యం ఒక్కటే. రాణి సింహాసనం మీద కూర్చున్నది కూర్చున్నట్టే పొగలా పలచబడి, పద్యమైపోయి, చిలక గొంతులోకి దూరింది. మాంత్రికుడు చిలకను భుజానికెత్తుకుని ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు.

ఆ తర్వాత ఆ రాజ్యం ఎలా ఉండేదో చెబుతాను వినండి. పద్యానికి నియమాలుంటాయి. పాదం మొదట్లో ఉన్న అక్షరానికి జోడీ అక్షరం మధ్యలో మళ్ళీ రావాలి, అది యతి. అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. ఒకడి కొంప అంటుకుంది. 'నిప్పు' అని మొదలుపెట్టి యతి కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు. అది దొరికేసరికి కొంప బూడిదైంది. పద్యం మాత్రం బాగా వచ్చింది, ఊరంతా చేరి మెచ్చుకుంది. ఇంకొకడికి కడుపునొప్పి. వైద్యుడికి చెప్పబోతే ప్రాసకు 'కడుపు' కుదరలేదు, 'తల' కుదిరింది. వైద్యుడు తలకు పట్టు వేసి పంపించాడు. పద్యం కట్టడం రానివాళ్ళు నోరు మూసుకుని తిరిగారు.

రాజభవనంలో మరీ నిశ్శబ్దం. గుణకేతుడు ఆ నిశ్శబ్దంలో పెరిగాడు. లెక్కల్లో మహా చురుకు. 'క' అంటే ఒక మాత్ర, 'కా' అంటే రెండు మాత్రలు. ఎంత పొడుగు పద్యమైనా విన్నది విన్నట్టే మొత్తం చెప్పేసేవాడు. అమ్మ పద్యం మాటిమాటికీ లెక్కపెట్టుకునేవాడు. పన్నెండు, ఇరవై, పన్నెండు, ఇరవై. అరవై నాలుగు. ఎన్నిసార్లు కూడినా అరవై నాలుగే. అందులో అమ్మ ఎక్కడుందో మాత్రం దొరికేది కాదు. కలువలు ఎవరి కళ్ళయినా కావచ్చు. 'మఱియును' అయితే ఒట్టి నింపుడు మాట, గణం పూర్తి చెయ్యడానికి దోపింది. ఉన్న అరవై నాలుగులో నాలుగు దానికే పోయాయి.

పెద్దన్న కత్తి పట్టుకుని అమ్మను తెస్తానని వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నన్న రత్నాల మూట పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక మూడోవాడు బయల్దేరాడు. తండ్రి కోట గుమ్మం దాకా వచ్చాడు. ఏదో చెప్పబోయాడు. ప్రాస దొరకలేదో ఏమో, నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అమ్మను తేవాలి. గుణకేతుడికి ఉన్న కోరిక అదొక్కటే.

వెళ్ళాడు, వెళ్ళాడు, వెళ్ళాడు. ఒక ఇసుక మైదానం వచ్చింది. అక్కడ చీమల బారు. గుణకేతుడు దారి అడగాలని తనకొచ్చిన పద్యాల్లో సూర్యోదయం మీద ఉన్నదొకటి చదివాడు. ముందు నడుస్తున్న ముసలి చీమ ఆగింది.

"బాగుంది నాయనా. ఇంతకీ నీకేం కావాలి?"

ఆ 'ఇంతకీ' అనే మాట వినేసరికి గుణకేతుడి ఒళ్ళు జల్లుమంది. చేతులు జోడించి, నోరు చూపించి, అది కావాలని సైగ చేశాడు.

"ఇదా? ఇస్తాలే. మాకు పొద్దస్తమానం నడకే కదా, అడుగు తప్పకుండా నడవడానికి పద్యాలు పనికొస్తాయి. చిన్నచిన్నవి పదహారు ఇచ్చి పో."

పదహారు ఇచ్చాడు. చీమలు 'తందాన' అన్నట్టు అడుగులు వేస్తూ పోయాయి. గుణకేతుడికి 'ఇంతకీ' వచ్చింది. మిగిలినవి నూరు.

వెళ్ళాడు, వెళ్ళాడు, వెళ్ళాడు. ఉప్పుమడుల పక్కన ఒక గాడిద బస్తాలు మోస్తోంది. గుణకేతుడు వెన్నెల మీద పద్యం చదివాడు.

"బాగుంది అల్లుడూ. ఇంతకీ ఎక్కడికి?" అంది గాడిద.

"ఇంతకీ... సముద్రం. ఇంతకీ... అమ్మ," అన్నాడు గుణకేతుడు. అంతకంటే ముందుకు పోలేకపోయాడు.

"అమ్మ సముద్రంలో ఉందా? అయితే ఇంత మెల్లగా నడుస్తావేం? అయితే పడవేది? అయితే అన్నం మూటేది?"

ఒక మాటకు 'అయితే' తగిలిస్తే రెండో మాట దానంతటదే వచ్చి చేరుతోంది! గుణకేతుడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు.

"లే అల్లుడూ, నా కాళ్ళు పట్టుకునేదాకా వచ్చిందా లోకం! బరువు మోసేటప్పుడు గొంతులో ఒక ఊపు ఉంటే బరువు సగమవుతుంది. నీ పద్యాల్లో సగం ఇవ్వు, 'అయితే' పట్టుకుపో."

యాభై ఇచ్చాడు. మిగిలినవి యాభై.

వెళ్ళాడు, వెళ్ళాడు, వెళ్ళాడు. సముద్రం వచ్చింది. ఒడ్డున కొండంత తాబేలు కళ్ళు మూసుకుని పడుకుంది.

"తాతా! ఇంతకీ సముద్రం దాటిస్తావా? అయితే ఎక్కనా?"

తాబేలు ఒక కన్ను తెరిచింది. "ఎందుకు దాటించాలి?"

గుణకేతుడి దగ్గర జవాబు ఉంది, జవాబును మొదలుపెట్టే మాట లేదు. నీళ్ళ నుంచి తీసిన చేపలా నోరు తెరిచాడు, మూశాడు.

"ఎందుకంటే అని మొదలుపెట్టు బాబూ. మిగతాది అదే లాక్కొస్తుంది," అంది తాబేలు. "నాకు వెయ్యేళ్ళు. చూసినవన్నీ మరచిపోతున్నాను. పద్యమైతే మరపు రాదు. ఉన్నవన్నీ ఇచ్చెయ్, వీపెక్కు."

ఉన్నవన్నీ ఇచ్చేశాడు. నూటపదహారులోంచి పదహారు, యాభై, యాభై తీసివేస్తే మిగిలింది సున్నా. చేతిలో మూడు మాటలున్నాయి. తాబేలు మీద కూర్చుని సముద్రానికో వాక్యం చొప్పున చెప్పుకుంటూ పోయాడు. మొదటి సముద్రం మీద "నాకు అమ్మ కావాలి, ఎందుకంటే నేను ఆమెను చూడలేదు" అన్నాడు. రెండో సముద్రం మీద "నాన్న ఉన్నాడు, అయితే మాట్లాడడు" అన్నాడు. అలా ఏడు సముద్రాలు. చెప్పినదాన్ని గాలి ఎత్తుకుపోయేది. తాబేలు తనకొచ్చిన పద్యాలు మననం చేసుకుంటోంది, వినడం లేదు. చుట్టూ నీళ్ళు, పైన ఆకాశం. మాటలు వచ్చాక ఒంటరితనం ఎక్కువైంది పిల్లలూ! అంతకుముందు చెప్పడానికేమీ లేదు. ఇప్పుడు ఉంది, వినేవాళ్ళు లేరు.

ఏడో సముద్రం అవతల మాంత్రికుడి దీవి. చెట్లు కూడా వరసకు మూడు, వరసకు అయిదు, మళ్ళీ మూడు, మళ్ళీ అయిదు. ఒక్క కొమ్మ వంకర లేదు. జామచెట్టు ఎక్కి ఒక అమ్మాయి కాయలు కోస్తోంది. ఆమెకు కొంచెం మెల్లకన్ను. పేరు పొగడ. చిలకకు జామపళ్ళు కోసిపెట్టడం ఆమె పని.

"ఎవరయ్యా నువ్వు? పద్యం చదివావంటే కాయ పెట్టి కొడతాను," అంది.

"నా దగ్గర పద్యాలు లేవు. అయితే దాహం ఉంది."

పొగడ చెట్టు మీంచి దూకింది. "అబ్బ! దాహమని చెప్పడానికి నాలుగు పాదాలు తీసుకోని మనిషిని చూసి ఎన్నాళ్ళయింది! ఇక్కడికి ఒకడు కత్తితో వచ్చాడు, ఒకడు మూటతో వచ్చాడు. ఇద్దరూ పద్యాలే. కత్తివాడు చిలకను చంపబోయాడు. చంపితే లోపలున్న అమ్మ కూడా పోతుందని తెలిసి కత్తి దించేశాడు. అదే అదనని మాంత్రికుడు వాడి మీద పద్యం చెప్పి చిలక గొంతులో వేశాడు. మూటవాడు చిలకను కొంటానన్నాడు. వాడి రత్నాల మీద పద్యం చెప్పి వాణ్ణీ లోపల వేశాడు."

"వాళ్ళు మా అన్నలు," అన్నాడు గుణకేతుడు. "ఇంతకీ నిన్నెందుకు వదిలేశాడు?"

"నా కంటికి ఉపమానం దొరకలేదట. కలువ అందామంటే కలువకు మెల్ల ఉండదు కదా!" అని నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. "నీ సంగతి చెప్పు."

గుణకేతుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక వాక్యం చెప్పగానే పొగడ "ఊఁ" అంది. రెండో వాక్యం చెప్పాడు. "ఊఁ" అంది. గుణకేతుడు ఆగిపోయాడు.

"ఏమిటది? రెండు మాత్రలుంది. ఏ గణం?"

"గణమా గాడిదగుడ్డా! వింటున్నానయ్యా, చెప్పు అని. మీ ఊళ్ళో ఊ కొట్టరా?"

వాళ్ళ ఊళ్ళో పద్యం అయ్యాక ఆహా అంటారు. పద్యానికి తన అందం తనకే ఉంటుంది, ఎవరూ లేకపోయినా గోడకు చదువుకోవచ్చు. మామూలు మాట అలా కాదు. ఎదుట ఒకరు కూర్చుని ఊఁ అంటేనే అది ఒక అడుగు వేస్తుంది. పుట్టి ఇన్నేళ్ళలో తనతో 'వింటున్నాను' అన్న మొదటి మనిషి పొగడ. గుణకేతుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏడిస్తే ఏడువు గానీ, ఏడ్చి చెప్పు," అంది పొగడ. "వాణ్ణి గెలవాలంటే ఒకటి తెలుసుకో. వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలక గొంతులో మీ అమ్మ పద్యం ఉందే, అది చెడనంతకాలం వాడికి చావు లేదు."

"మరి లోపలివాళ్ళను బయటికి తేవడం ఎలా?"

"ఒకసారి నా పిల్లి మీద పద్యం చెప్పి లోపల వేశాడు. పులి అన్నాడు, మెరుపు అన్నాడు. నాకు కోపమొచ్చి చిలక పంజరం ముందు నిలబడి చెప్పేశాను. అది పులీ కాదు, ఏమీ కాదు, మజ్జిగ పోస్తే తాగదు, ఎడమ చెవి కొస కొరుక్కుపోయి ఉంటుంది, వానొస్తే నా చాపలో దూరుతుంది అని. సంచిలో పట్టనంత కూరితే సంచి చిరగదూ? పిల్లి ఊడిపడింది. మిగతావాళ్ళ సంగతి నాకేం తెలుసు చెప్పడానికి?"

ఇద్దరూ పంజరం దగ్గరికి వెళ్ళారు. చిలక పెద్దన్న పద్యం ఎత్తుకుంది. సింహమట, మేరుపర్వతమట.

"సింహమే," అన్నాడు గుణకేతుడు. "అయితే మా పెద్దన్నకు బల్లి అంటే భయం."

"ఊఁ!" అంది పొగడ.

"గోడ మీద బల్లి ఉంటే ఆ గదిలో పడుకోడు. ఎందుకంటే ఒకసారి అది మీసం మీద పడింది. నిద్రలో పళ్ళు నూరతాడు. కత్తి తిప్పేటప్పుడు నాలుక బయటపెడతాడు."

పద్యం చిట్లింది. వీరకేతుడు పంజరం పక్కన దబ్బున పడ్డాడు. చిలక రెండో అన్న పద్యం ఎత్తుకుంది. కుబేరుడట, చింతామణి అట.

"కుబేరుడే. అయితే మా చిన్నన్న మామిడి తాండ్ర తలగడ కింద దాచుకుంటాడు. చీమలు పట్టాక నాకిస్తాడు. ఇచ్చి, దానం చేసినట్టు మొహం పెడతాడు."

"ఊఁ, ఊఁ!"

రత్నకేతుడు అన్న పక్కన పడ్డాడు. చిలక మూడో పద్యం ఎత్తుకుంది. కలువలఁ బోలెడి కన్నులు...

గుణకేతుడు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆమెకు దేనికి భయం? ఏమి ఇష్టం? నవ్వితే ఎలా ఉంటుంది? ఒక్కటీ తెలియదు. అన్నల వైపు తిరిగాడు. "మీకు తెలుసు కదా, చెప్పండి!"

అన్నలకు తెలుసు. పెద్దవాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చిన్నవాడు చేతులు ఆడించాడు. కానీ వాళ్ళ దారం ఇంకా మాంత్రికుడి దగ్గరే ఉంది. తెలిసినవాళ్ళకు మాట లేదు, మాట ఉన్నవాడికి తెలియదు.

సరిగ్గా అప్పుడే పొద్దు వాలుతుండగా యతిభైరవుడు వచ్చాడు. అన్నలు మీదికి దూకితే ఉఫ్ఫని ఊదాడు, దూదిపింజల్లా ఎగిరిపడ్డారు. పొగడ వైపు బెత్తం చూపించాడు, ఆమె నోరు మూతపడింది.

"మూడోవాడు కూడా వచ్చాడా! నీ మీద కూడా ఒకటి చెబుతానుండు."

మొదటి పాదం చదివాడు. గుణకేతుడి కాళ్ళు బిగుసుకున్నాయి. రెండో పాదం చదివాడు. చేతులు బిగుసుకున్నాయి. మూడో పాదం చదివాడు. మెడ బిగుసుకుంది. నాలుగో పాదం పూర్తయితే నోరు కూడా పోతుంది.

గుణకేతుడు పంజరం వైపే చూస్తూ గబగబా మాట్లాడాడు.

"అమ్మా, నువ్వెలాంటిదానివో నాకు తెలియదు. నీ పద్యం తెలుసు. చిన్నప్పుడు కొలనులో హంస కనబడితే నువ్వేనేమోనని దాని వెనకాల నడిచాను. అది నా వేలు కొరికింది. నీ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అయితే నా గురించి చెబుతాను."

మాంత్రికుడు నాలుగో పాదానికి గడ్డం పట్టుకుని ఆలోచిస్తున్నాడు. హంస చేత వేలు కొరికించుకున్నవాణ్ణి దేనితో పోల్చాలో తోచడం లేదు.

"ఒకసారి నాకు జ్వరం వచ్చింది. జ్వరం మీద పద్యం నాకు రాదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. పడుకుని పైకప్పు దూలాలు లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. పద్నాలుగే. నాన్న గుమ్మం దాకా వచ్చాడు. నుదురు మీద చెయ్యి వేస్తాడనుకున్నాను. నిలబడి, నిలబడి, వెళ్ళిపోయాడు. అప్పుడు కిటికీ ఊచలు లెక్కపెట్టాను..."

అక్కడ ఆగి, ఊఁ కోసం ఎదురుచూశాడు. ఊ కొట్టే పొగడ నోరు మూతపడి ఉంది.

"ఊఁ," అన్నారు ఎవరో.

చిన్న గొంతు. చిలక గొంతు కాదు. చిలక బెదిరిపోయి గబగబా పద్యం ఎత్తుకుంది. "కలువలఁ బోలెడి కన్నులు, చిలుకల పల్కులు మఱియును..."

"ఊఁ," అంది లోపలి గొంతు.

గుణకేతుడి లెక్క ఎప్పుడూ తప్పలేదు. రెండో పాదంలో ఇరవై మాత్రలుండాలి. ఇరవై రెండున్నాయి. పద్యంలో అరవై నాలుగుండాలి. అరవై ఆరున్నాయి! 'మఱియును' అన్నచోట రాణి లేదు, ఏ పోలికా లేదు, ఒట్టి ఖాళీ. కొడుకు మాటకు ఊ కొడుతూ ఆ ఖాళీలోంచి అమ్మ బయటికి వస్తోంది.

"రెండు ఎక్కువ! రెండు ఎక్కువ!" అని మాంత్రికుడు కేకలు పెట్టాడు. ఆ రెండు మాత్రలను పట్టుకుని తీసేయాలని పంజరం చుట్టూ పరుగెత్తాడు. లోపలినుంచి మళ్ళీ ఊఁ. అరవై ఎనిమిది. మళ్ళీ ఊఁ. డెబ్బై. పద్యం పెళపెళా పగిలింది. యతిభైరవుడు గిరగిరా తిరిగి, సన్నబడి, కిందపడ్డాడు. చూస్తే అక్కడ మనిషి లేడు. 'గదా', 'చుమీ', 'మఱియును' అనే నింపుడు మాటలు గుప్పెడు, పొట్టులా పడి ఉన్నాయి. చిలకకేమీ కాలేదు. "జామపండేదీ?" అని అరిచింది.

పంజరం ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పొట్టిగా ఉంది. కళ్ళు కలువల్లా లేవు, బుగ్గ మీద చిన్న గాటు మచ్చ ఉంది. గుణకేతుడి నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

"ఆ జ్వరం ఎప్పటికి తగ్గింది నాన్నా?"

"మూడు రోజులకు," అన్నాడు గుణకేతుడు. అన్నాక చూసుకుంటే బిగుసుకున్న కాళ్ళూ చేతులూ వదిలి ఉన్నాయి. అన్నలిద్దరూ వచ్చి చుట్టూ చేరారు. మాటలు తిరిగి వచ్చేశాయి కదా, ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. రాణి ముగ్గురికీ ఊ కొట్టింది.

తాబేలు వీపెక్కి ఇంటికి వచ్చేసరికి రాజ్యమంతా ఒకటే రొద. మాటలు తిరిగి వచ్చిన క్షణంలో ఒక వీధిలో ఒకావిడ తలుపు తెరుచుకుని వచ్చి పక్కింటామెతో, "ఇంతకీ నా రోకలి ఎప్పుడిస్తావే?" అందట. ఆ తగువు అప్పటి నుంచీ మధ్యలో ఆగిపోయి ఉంది పాపం.

రాణిని చూసి రాజు లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ "కలువలఁ బోలెడి..." అని ఎత్తుకున్నాడు.

"కూర్చోండి ముందు," అంది హేలావతి. "ఆ పాదాలు అలా వాచాయేం?"

రాజు కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు, పాదాల వాపు దగ్గర మొదలుపెట్టి. ఎక్కడా ప్రాస కుదరలేదు.

గుణకేతుడికీ పొగడకూ పెళ్ళయింది. పెళ్ళిలో పద్యాలు చదివారు. చదవాలి మరి, తాళి కట్టేవేళ ఒట్టి మాట చాలదు. ఆస్థాన కవి పొగడ కళ్ళ దగ్గరికి వచ్చి తడబడితే, "మీరు వదిలేయండి బాబాయిగారూ, అది ఆయన చూసుకుంటాడు," అంది పెళ్ళికూతురు. ఆడవాళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దన్న వీరకేతుడికి పట్టాభిషేకమైంది. మెప్పు పద్యంలో చెప్పండి, మొర మాత్రం మామూలు మాటల్లో చెప్పండి అని చాటింపు వేయించి, చాలాకాలం చల్లగా ఏలాడు.

గుణకేతుడికి రాజ్యంలో వాటా ఇస్తామన్నారు. అతను తీసుకోలేదు. ఎందుకంటే వెంట తెచ్చిన చిలక ఇంకా పాడుతూనే ఉంది. దాని గొంతులో ఎక్కడెక్కడివాళ్ళో ఉన్నారు. చంద్రుడిలాంటి మొహాలు, సింహంలాంటి నడుములు, సముద్రంలాంటి మనసులు. వాళ్ళు బల్లికి భయపడతారో, తాండ్ర దాచుకుంటారో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. రోజూ పొద్దున చిలక ఆ పద్యాలు వరసగా అప్పగిస్తుంటే గుణకేతుడు ముద్ద దిగక లేచిపోయేవాడు. ఎంత అందంగా ఉంటే అంత దిగులుగా ఉండేవి.

"పద," అంది పొగడ ఒకరోజు. "కూర్చుని వింటే ఏమొస్తుంది? వాళ్ళను ఎరిగినవాళ్ళను వెతుకుదాం."

పంజరం పట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. మొదటి పద్యంలో ఒక ఆడపిల్ల పోలికలన్నీ ఉన్నాయి గానీ పేరు లేదు. అదృష్టం కొద్దీ యతి కోసమైనా ఊరి పేరు పడింది, ఏలకొండ. కొండలు దాటి, వాగులు దాటి ఏలకొండ చేరారు. ఎరుగని ఊరు, ఎరుగని మొహాలు. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని తాడు పేనుతున్నాడు. పక్కన ఇంకో మనిషి కూర్చునేంత చోటు ఊడ్చి, శుభ్రంగా ఉంచి ఉంది.

అందరి కథలూ కంచికి పోతాయి పిల్లలూ, ఈ కథ మాత్రం ఏలకొండలో ఆగింది. పొగడ పంజరాన్ని వేపకొమ్మకు తగిలించింది. గుణకేతుడు చెప్పులు విడిచి, పంచె దులుపుకుని, ముసలాయన పక్కన ఉన్న ఆ ఖాళీ చోటు వైపు అడుగు వేయబోయాడు.